కుళాయి వెనక ఊరు: చెన్నైలో గేటు లోపలికి ఎవరెళ్ళొచ్చు?

అక్టోబరు చివరికొచ్చేసరికి చెన్నైలో ప్రతి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనూ ఒకే అంకె తిరుగుతుంటుంది. నగరానికి తాగునీళ్ళిచ్చే చెంబరంబాక్కం చెరువు ఎన్ని అడుగులు? నిండు మట్టం 24 అడుగులు. 21 దాటిందంటే, ఆ చెరువు నీళ్ళు వెళ్ళే అడయార్ నది ఒడ్డున మణపాక్కం, సైదాపేట, జాఫర్‌ఖాన్‌పేట వైపు ఇళ్ళలో టెన్షన్ మొదలు. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి బంధువులు ఫోన్ చేసి క్షేమసమాచారాలతో పాటు చెరువు మట్టం కూడా అడుగుతారు. వానాకాలంలో అది ఇక్కడ క్రికెట్ స్కోరులాంటిది.

ఆ అంకె దాపరికమేమీ కాదు. నగరంలో నీళ్ళు, మురుగు చూసే మెట్రో వాటర్ సంస్థ వెబ్‌సైట్లో రోజూ పెడతారు. అయితే దాన్ని ప్రచురించేది ఒకరు, చెరువు షట్టర్లు ఎత్తేది మరొకరు. షట్టర్లు రాష్ట్ర జలవనరుల శాఖ చేతిలో ఉంటాయి. ఈ చిన్న సంగతి కూడా నగరంలో చాలామందికి తెలియదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడి నీళ్ళే తాగుతున్నవాళ్ళు కూడా ఆ చెరువు గట్టెక్కి, కొలబద్ద ఎక్కడుందో, షట్టరు ఎలా లేస్తుందో, ఎంత నీరు వదలాలో ఎవరు ఏ లెక్కన తేలుస్తారో చూసి ఉండరు. చూపించే ఏర్పాటు లేదు.

ఏర్పాటు లేనంత మాత్రాన జనం చూడకుండా ఆగరు. చెరువు నిండి నీళ్ళు వదిలిన రోజు బైకులేసుకుని గట్టు దగ్గరికి, అడయార్ వంతెనల మీదికి చేరతారు. పోలీసులు అడ్డంగా బారికేడ్లు పెడతారు. అంటే మామూలు రోజుల్లో, తీరిగ్గా, ఒక ఇంజనీరు పక్కన నిలబడి చూడాల్సిన చోటును జనం అత్యంత ప్రమాదకరమైన రోజున, ఎవరూ వివరించకుండా, సెల్‌ఫోన్ పైకెత్తి చూస్తున్నారు. సందర్శకులకు అనుమతి ఇవ్వకపోవడానికి భద్రతే కారణమని చెప్పేవాళ్ళు ముందు ఈ సంగతికి జవాబు చెప్పాలి.

2015 డిసెంబరు మొదటి రోజుల్లో, నగరం మునిగిన వరదలప్పుడు, ఈ చెరువు నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల దాకా నీరు వదిలారు. 2018లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెరువు నిర్వహణను తప్పుపట్టింది. జనం నోట మాత్రం ఆ కథ ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది: "ముందే కొద్దికొద్దిగా వదిలేసి ఉంటే సరిపోయేది." వదిలి ఉండాల్సిందన్న మాటలో న్యాయం ఉంది. సరిపోయేదా అన్నది వేరే లెక్క. సెకనుకు 29,000 అంటే గంటకు సుమారు 104 మిలియన్ ఘనపుటడుగులు. చెరువు మొత్తం సామర్థ్యం 3,645 మిలియన్ ఘనపుటడుగులు. ముందు జాగ్రత్తగా 500 మిలియన్ల మేర ఖాళీ ఉంచారనుకుందాం, అంత వరద వస్తే అయిదు గంటల్లోపే ఆ ఖాళీ నిండిపోతుంది. పోనీ ఇంకా ఎక్కువ ఖాళీ చేద్దామంటే, ఇది వరద చెరువు కాదు, తాగునీటి చెరువు. డిసెంబరులో వదిలేసిన నీళ్ళ కోసం మేలో లారీ వెనక బిందెలు పట్టుకుని నిలబడాలి. పైగా అడయార్‌కు నీళ్ళు ఈ ఒక్క చెరువు నుంచే రావు. ఆదనూరు, మణిమంగళం వైపు చెరువులు పొర్లిన నీళ్ళు వేరే దారిన వచ్చి అదే నదిలో పడతాయి. చెంబరంబాక్కం షట్టర్లు మూసే ఉన్నా ముడిచూరు మునిగేది అందుకే.

ఇదంతా టీవీ చర్చలో చెబితే ఎవరికీ ఎక్కదు, అరగంట గట్టు మీద నిలబడి ఒక పటం ముందేసుకుంటే ఎక్కుతుంది. ఎక్కాక శాఖను అడిగే ప్రశ్న కూడా మారుతుంది. "ఎందుకు వదిలారు?" అని కాకుండా "వాన ఎంత పడుతుందన్న అంచనా మీకు ఎన్ని గంటల ముందు అందింది, మీరు ఎన్ని గంటలకు నిర్ణయం తీసుకున్నారు, మాకు ఎన్ని గంటలకు చెప్పారు?" అని అడుగుతారు. సందర్శకులంటే శాఖలకు ఉన్న భయం బహుశా ఈ రెండో రకం ప్రశ్నల గురించే.

ప్రపంచంలో ఇలాంటి చోట్లను చూపించడం కొత్తేమీ కాదు. పారిస్ మురుగు కాలువలను 1867 నాటి ప్రపంచ ప్రదర్శన సమయం నుంచే జనానికి చూపిస్తున్నారు, ఇప్పుడక్కడ ఒక మ్యూజియమే ఉంది. లండన్‌లో మూతపడిన భూగర్భ రైలు స్టేషన్లలోకి రవాణా మ్యూజియం వాళ్ళు టికెట్ పెట్టి తీసుకెళతారు. టోక్యో దగ్గర కసుకబే అనే ఊళ్ళో వరద నీటిని మళ్ళించడానికి నేలకు సుమారు 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. దాని చివర 177 మీటర్ల పొడవు, 78 మీటర్ల వెడల్పున ఒక తొట్టి, దాని కప్పును మోసే 59 స్తంభాలు. వాన లేని రోజుల్లో డబ్బు కట్టి మెట్లు దిగి చూడొచ్చు, వరద వచ్చే రోజు టూర్ రద్దు. చెన్నైకి కావాల్సిన పద్ధతి అచ్చంగా ఇదే, ఇక్కడ మాత్రం వ్యవహారం తలకిందులుగా నడుస్తోంది.

దూరదేశాల దాకా ఎందుకు? చెన్నై సెంట్రల్‌లో లోకల్ రైలెక్కితే సూళ్ళూరుపేటలో దిగొచ్చు. అక్కణ్ణుంచి శ్రీహరికోట. 2019లో ఇస్రో అక్కడ అయిదు వేల మంది కూర్చునే గ్యాలరీ కట్టింది. ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డు చూపించి, ఎవరైనా వెళ్ళి రాకెట్ ఎగరడం చూడొచ్చు. చెన్నై తెలుగు కుటుంబాలు పిల్లల్ని తీసుకుని వెళ్ళొస్తూనే ఉన్నాయి. దేశంలోకెల్లా కట్టుదిట్టమైన కాపలా ఉండే చోట్లలో ఒకటి సామాన్యుడికి కుర్చీ వేసింది. వీధి చివర మురుగునీటి పంపింగ్ స్టేషన్ మాత్రం "అనుమతి లేనిదే ప్రవేశం లేదు" అన్న బోర్డు దించడం లేదు.

మెరీనా లైట్‌హౌస్ కథ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1977లో కట్టిన ఆ స్తంభాన్ని రాజీవ్ గాంధీ హత్య తర్వాత భద్రతా కారణాలతో సందర్శకులకు మూసేశారు. ఇరవై ఏళ్ళకు పైగా అలాగే ఉంచి 2013 నవంబరులో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు టికెట్ కొని లిఫ్టెక్కి పైనుంచి బీచ్ అంతా చూస్తున్నారు. మూయడానికి ఒక నిజమైన ప్రమాదం కారణం. అది తగ్గాక కూడా అన్నేళ్ళు మూసే ఉంచడానికి మాత్రం అలవాటే కారణమనిపిస్తుంది.

చట్టం అడ్డొస్తుందని చాలామంది అనుకుంటారు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నీటి, విద్యుత్ కేంద్రాలను నిషిద్ధ ప్రదేశాలుగా ప్రకటించే వీలున్న మాట నిజమే. కానీ అందుకు కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. పంపు, పైపు ఉన్న ప్రతి ఆవరణా దానంతటదే నిషిద్ధమైపోదు. మరోవైపు 2005 నాటి సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ "సమాచార హక్కు" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో కాగితాలతో పాటు పనులను తనిఖీ చేయడం, పదార్థాల నమూనాలు తీసుకోవడం కూడా ఉన్నాయి. పది రూపాయల దరఖాస్తుతో రోడ్డు పనినో, వాననీటి కాలువ పనినో స్వయంగా వెళ్ళి చూస్తానని అడగొచ్చు. దేశ భద్రతకు సంబంధించిన మినహాయింపులు ఆ చట్టంలోనూ ఉన్నాయి, ఉండాలి కూడా. అయినా చూడ్డానికి హక్కు ఉందన్న సంగతే దరఖాస్తులు రాసే అలవాటున్న కొద్దిమందికి తప్ప తెలియదు.

ఆచరణలో లోపలికి వెళ్ళగలిగేది లెటర్‌హెడ్ ఉన్నవాళ్ళు. ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో ఉత్తరం వస్తే "ఇండస్ట్రియల్ విజిట్" కింద బస్సుడు విద్యార్థులు వెళతారు. నెల్లూరు, చిత్తూరు వైపు కాలేజీల నుంచి కూడా అలా చెన్నైకి వస్తుంటారు. వాళ్ళలో సగం మందికి అది హాజరు కోసం, ఫొటోల కోసం, సాయంత్రం బీచ్ కోసం. అదే ఆవరణకు గోడ పక్కన కాపురముంటూ రోజూ ఆ వాసన పీల్చే గృహిణికి లెటర్‌హెడ్ లేదు. బిల్లు కట్టే మనిషికి లేని ప్రవేశం, మార్కుల కోసం వచ్చే కుర్రాడికి ఉంది.

తెరిస్తే ఏం చూపించాలన్నది అసలు విషయం. మెట్రో రైలు డిపోలు, కొత్త డ్రైవర్‌లేని రైళ్ళు, సొరంగం తవ్వే యంత్రాలు ఫొటోలకు బాగుంటాయి. వాటికి ప్రచారం ఎలాగూ దొరుకుతోంది. తెరవాల్సినవి అందం లేని చోట్లు.

మొదటిది నీటిశుద్ధి కేంద్రం. చెంబరంబాక్కం దగ్గర రోజుకు 53 కోట్ల లీటర్లు, పుళల్ దగ్గర 30 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. వాటిలో పెద్ద పెద్ద తొట్లకంటే చూడదగ్గది ల్యాబులో బల్ల మీద జరిగే ఒక పరీక్ష. దాన్ని జార్ టెస్ట్ అంటారు. ఆరు గాజు బీకర్లు వరసగా పెట్టి, అన్నిట్లో చెరువు నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదులో పటిక ద్రావణం కలుపుతారు. పైనుంచి ఆరు చిన్న తెడ్లు ఒక నిమిషం వేగంగా, తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో నెమ్మదిగా తిరుగుతాయి. ఆపేసి అలా వదిలేస్తే ఒక బీకరులో మురికి దూదిపింజల్లా కట్టి కిందకి దిగుతుంది, పక్కదాంట్లో ఇంకా మసకగానే ఉంటుంది, చివరిదాంట్లో పటిక ఎక్కువై మళ్ళీ చెడుతుంది. ఏది తేటగా తేలిందో చూసి ఆ రోజు మొత్తం నీటికి ఆ మోతాదు ఖాయం చేస్తారు. వాన పడితే నీళ్ళు మారతాయి, మోతాదు మారుతుంది. కోటి మంది తాగే నీళ్ళలో ఏం కలపాలన్నది ఈ ఆరు బీకర్లు, వాటిని చూసే ఒక మనిషి కళ్ళు తేలుస్తాయన్నది చాలామందికి ఆశ్చర్యమే. ఆ పక్కనే క్లోరిన్ పరీక్ష కూడా చూపించొచ్చు. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. చిన్న కిట్‌తో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆ పరీక్ష నేర్చుకుని ఇంటికెళ్ళిన మనిషి నీళ్ళు వాసనొస్తున్నాయని ఫిర్యాదు చేసేటప్పుడు ఒక అంకె కూడా చెబుతాడు.

రెండోది మురుగు పంపింగ్ స్టేషన్. లోపలికి రాగానే ఇనుప ఊచల జల్లెడ ఉంటుంది. పాలిథిన్ కవర్లు, గుడ్డ పేలికలు, శానిటరీ ప్యాడ్లు, జుట్టు, కొబ్బరి పీచు, అన్నీ అక్కడ చిక్కుకుంటాయి. చిక్కనివి పంపు రెక్కలకు చుట్టుకుంటాయి, పంపు ఆగుతుంది, నాలుగు వీధుల అవతల మ్యాన్‌హోల్ పొంగుతుంది. ఇంకో తిరకాసు ఉంది. చెన్నైలో మురుగుకూ వాననీటికీ వేర్వేరు కాలువలు. ఇళ్ళవాళ్ళు మేడ మీద వాన నీళ్ళను తీసుకెళ్ళి మురుగు పైపులో కలిపేస్తారు, కొందరు మురుగును వాననీటి కాలువలోకి వదిలేస్తారు. జడివాన రోజున మురుగు పంపులు మోయాల్సింది మురుగు ఒక్కటే కాదు, సగం నగరం మేడల మీద పడిన వాన కూడా. కార్పొరేషన్‌ను తిట్టే నోటికి ఇది కాస్త చేదు సంగతి, అయినా చూడాల్సిందే.

కరెంటు సంగతి త్వరగా ముగించొచ్చు. వాన పడగానే "ఈబీ వాళ్ళు తీసేశారు" అని విసుక్కోవడం ఇక్కడ అలవాటు. వీధుల్లో ఇళ్ళకు కరెంటు పంచే పిల్లర్ బాక్సుల్లోకి నీళ్ళు చేరితే షాక్ కొట్టే ప్రమాదం ఉంటుందని చాలాసార్లు కావాలనే ఆపుతారు. ఒక సబ్‌స్టేషన్ కంచె బయటినుంచైనా దీన్ని వివరిస్తే సగం కోపం తగ్గుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం కూడా ఉంది. సందర్శన అంటే తళతళలాడే యంత్రాలు, కొత్తగా వేసిన పెయింటు, ఒక ప్రెజెంటేషన్, బిస్కట్లు, టీ అయిపోవచ్చు. 2019 వేసవిలో చెరువులు ఎండిపోయినప్పుడు జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. మొదటి రైలు 50 వ్యాగన్లలో 25 లక్షల లీటర్లు తెస్తే మంత్రులు ఎదురెళ్ళి స్వాగతం పలికారు, కెమెరాలన్నీ అక్కడే. ఆ నీళ్ళు విల్లివాక్కం నుంచి పైపులో కీల్పాక్ నీటి కేంద్రానికి చేరి, అక్కణ్ణుంచి ఏ ప్రాంతాలకు వెళ్ళాయన్నది ఎవరూ చూపించలేదు.

యంత్రాల్ని చూపించి మనుషుల్ని దాచే సందర్శన అంతకంటే చెడ్డది. చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎక్కువ. మదరాసు మురుగు వ్యవస్థను ఒక రకంగా తెలుగు చేతులే నడిపాయి. రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని మురుగు గుంతల్లోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. పారిశుధ్య కార్మికుల హక్కుల కోసం పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో మృతుల కుటుంబాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలంది, 2023లో ఇంకో తీర్పు దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ సంస్థను నడిపే బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్ళో ఇలాంటి తెలుగు కుటుంబంలోనే పుట్టారు. తీర్పుల తర్వాత కూడా తమిళనాడులో చావులు ఆగలేదు. కాబట్టి పంపింగ్ స్టేషన్ చూడ్డానికి వెళ్ళిన బృందం జల్లెడ దగ్గర పనిచేసే మనిషికి గ్లవ్స్ ఉన్నాయా, జీతం ఎవరిస్తున్నారు, కాంట్రాక్టరా బోర్డా, అని అడగగలగాలి. అతనే వివరిస్తే ఇంకా మంచిది. టీ.నగర్ తెలుగావిడ అడిగితే అతను తెలుగులోనే చెప్పగలడు.

చూపించడం వల్ల శాఖలకు ఒరిగేదేమిటన్నదానికి గట్టి ఉదాహరణ సింగపూర్. శుద్ధి చేసిన మురుగునీటిని మళ్ళీ తాగునీటిలో కలపాలనుకున్నప్పుడు 2002 జాతీయ దినోత్సవ వేడుకలో 60,000 సీసాలు పంచారు, మరుసటి ఏడాది సందర్శక కేంద్రం తెరిచారు. స్కూలు పిల్లలతో సహా జనం వచ్చి నీటిని వడకట్టే పొరలు, గొట్టాలు చూసి వెళ్ళారు. ఆ పద్ధతి నిలబడింది. ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊరు తీవ్రమైన కరువులో ఉండి కూడా 2006లో ఇలాంటి పథకాన్నే ప్రజాభిప్రాయ సేకరణలో తిప్పికొట్టింది. రెండు చోట్లా ప్రభుత్వాలు, రాజకీయాలు వేరు కాబట్టి తేడా అంతా సందర్శక కేంద్రానిదే అనడం అతి అవుతుంది. కానీ నీళ్ళ విషయంలో జనం అసహ్యాన్ని కరపత్రాలతో పోగొట్టలేరు.

చెన్నైకి ఇది రేపటి సమస్య. కొడుంగయ్యూరు, కోయంబేడుల్లో 2019 నుంచి రోజుకు 4.5 కోట్ల లీటర్ల చొప్పున మురుగును బాగా శుద్ధి చేసి మణలి, శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలకు అమ్ముతున్నారు. ఆ తర్వాతి అడుగు శుద్ధి చేసిన నీటిని చెరువుల్లోకి వదలడం. ఆ రోజొస్తే "మురుగునీళ్ళు తాగిస్తున్నారు" అన్న ఒక్క ఫార్వర్డ్ మెసేజ్ చాలు. ఆ మెసేజ్ రాకముందే ఒకసారి కోయంబేడు వెళ్ళి చూసొచ్చినవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరుంటే కథ వేరేగా నడుస్తుంది. సముద్రపు నీటి కేంద్రాలదీ ఇదే తీరు. మీంజూరు దగ్గర 2010లో, నెమ్మేలిలో 2013లో రోజుకు 10 కోట్ల లీటర్ల చొప్పున మొదలయ్యాయి, 2024లో నెమ్మేలి పక్కనే మరో 15 కోట్ల లీటర్ల కేంద్రం వచ్చింది. ఒక లీటరు మంచినీటికి రెండు లీటర్లకు పైగా సముద్రపు నీరు తీసుకోవాలి, మిగిలింది మరింత ఉప్పగా తిరిగి కడలిలోకే పోతుంది. జాలర్లు అడిగేది ఆ ఉప్పునీళ్ళ గురించే. అక్కడ సందర్శన పెడితే ఆ నీళ్ళు సముద్రంలో కలిసే చోటు దాకా తీసుకెళ్ళాలి.

అన్నీ తెరవకూడదు. క్లోరిన్ సిలిండర్ల గది, రిలే గదులు, నీటి సరఫరాను మీటలతో నడిపే కంప్యూటర్ బల్లలు, విషవాయువు పేరుకునే గుంతలు సందర్శకుల చోట్లు కావు. మార్గం ముందే గీసి, గుర్తింపు కార్డు రాసుకుని, కొన్ని చోట్ల ఫోన్లు బయటే పెట్టించి, ఒక్కో బృందానికి ఇరవై మందిని మించకుండా తీసుకెళితే చాలు.

మొదలుపెట్టడానికి కీల్పాక్ కంటే మంచి చోటు లేదు. ఊరి మధ్యలో ఉంది. 1914లో ఇసుక వడపోతలు, నేలలో ఇటుకలతో కట్టిన జలాశయం, ఆవిరి పంపులతో మొదలైన కేంద్రం అది. దాన్ని రూపొందించిన ఇంజనీరు మాడ్లీ పేరే టీ.నగర్ మాడ్లీ రోడ్డుకు పెట్టారు. అదే పేరున్న సబ్‌వే గట్టి వానకల్లా మునుగుతుందన్నది వేరే సంగతి. రెండో విడతగా ఊత్తుకోట దగ్గరి జీరో పాయింట్ పెట్టొచ్చు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న ఒప్పందం మేరకు శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు మీదుగా వచ్చే కృష్ణా నీళ్ళు తమిళనాడులో అడుగుపెట్టేది అక్కడే. సరిహద్దు దగ్గర ఏటా 12 టీఎంసీలు అందాలి, చాలా ఏళ్ళు అంతకంటే తక్కువే వచ్చాయి. ఎంత వచ్చిందో కొలిచే కొలబద్ద చూపించి, ఆ నీళ్ళు అక్కణ్ణుంచి పూండికి, తర్వాత పుళల్‌కు ఎలా వెళతాయో చెబితే ఒక పూటకు సరిపోతుంది. బస్సుకు, మధ్యాహ్నం భోజనానికి టికెట్ పెట్టినా వస్తారు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సిబ్బందికి ఊపిరాడదు కాబట్టి ఆ మూడు నెలలూ వద్దు. ఫిబ్రవరి నుంచి జూలై దాకా నెలకు రెండు శనివారాలు చాలు. వివరించడానికి పదవీ విరమణ చేసిన వాల్వ్ ఆపరేటర్లను, జూనియర్ ఇంజనీర్లను రోజు కూలీ లెక్కన పెట్టుకోవాలి, ఉన్న సిబ్బంది మీద అదనంగా రుద్దకూడదు. బుకింగ్‌కు కొత్త యాప్ అక్కర్లేదు. నీళ్ళ పన్ను కట్టే వెబ్‌సైట్లోనే ఒక లింకు పెట్టి, పన్ను రసీదు నంబరు కొడితే రెండు సీట్లు ఇస్తే సరిపోతుంది. అద్దెకున్నవాళ్ళకు ఆ రసీదు ఉండదు కనుక వాళ్ళకు కరెంటు బిల్లునో, రేషన్ కార్డునో ఒప్పుకోవాలి.